అక్కడ బట్టలు మడిచి వస్తాను, ఇంట్లో బట్టలు సోఫా మీదే. నేను మానేయాలా?

మడతమంచం
మేం డాలస్ పక్కన ఉంటాం. నాది హెచ్4, అంటే ఆయన ఉద్యోగం వీసా మీద భార్యగా వచ్చే వీసా. ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అర్జీ అప్రూవ్ అయితేగాని నేను ఉద్యోగం చేసుకునే అనుమతికి (ఈఏడీ) అప్లై చేయడానికే లేదు. బాబు ఒకటో తరగతి. పోయిన సెప్టెంబరు నుంచి ఇక్కడ ఒక చర్చి వాళ్ల త్రిఫ్ట్ సెంటర్‌కి మంగళ, బుధ, గురువారాలు వాలంటీరుగా వెళ్తున్నాను. తొమ్మిదిన్నర నుంచి ఒకటిన్నర దాకా. జనం ఇచ్చిన పాత సామాను అమ్మి, ఆ డబ్బుతో లేనివాళ్లకు సరుకులు ఇస్తారు. నా పని వెనక గదిలో. సంచులు విప్పడం, మరకలున్నవి పక్కన పడేయడం, మిగతావి మడిచి ఆ వారం రంగు ట్యాగ్ కొట్టడం.

మొన్న ఆదివారం మా ఆయన అన్నారు, "ఊళ్లోవాళ్ల బట్టలు మడవడానికి నాలుగు గంటలు దొరుకుతాయి, మన బట్టలు శుక్రవారం నుంచి సోఫా మీదే ఉన్నాయి" అని. నిజమే, ఉన్నాయి. బుట్టలో కూడా కాదు, సోఫా మీదే. కూర్చోవాలంటే పక్కకి నెట్టి కూర్చుంటున్నాం. వంట ఆగలేదు, లంచ్ బాక్సు ఆగలేదు, పిండి రుబ్బడం ఆగలేదు. ఆగింది మడతలొక్కటే. మీరైతే ఏం చేస్తారు?

కాకినాడ_రావు
అమ్మా, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సేవ చేయాలనుకుంటే మొదటి సేవ ఇంటికే. పైగా ఒకళ్లు కట్టి విడిచిన బట్టలు. ఎవరివో, ఏ రోగంతో ఉన్నవాళ్లవో. అదే చేత్తో వచ్చి పిల్లాడికి అన్నం కలుపుతావు. వచ్చాక తలస్నానం చేస్తున్నావా?

మడతమంచం
గ్లవ్స్ వేసుకుంటాం బాబాయ్ గారూ. నేనడిగింది అది కాదు.

ఉప్పుచేప
సోఫా మీద బట్టలు లేని తెలుగువాళ్ల ఇల్లు అమెరికాలో ఎక్కడైనా ఉంటే ఫొటో పెట్టండి, దండం పెట్టుకుంటాం.

హ్యూస్టన్_లెక్కలమాస్టారు
సెంటర్ ఎంత దూరం? ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పడం లేదు. ఇలాంటి సంస్థకు సేవ చేయడానికి కారు నడిపితే మైలుకి 14 సెంట్లు ట్యాక్స్‌లో చూపించుకోవచ్చు. మీ గంటలకు మాత్రం విలువ కట్టడానికి వీల్లేదు. మీరు లేనప్పుడు బాబుని ఎవరి దగ్గరో వదిలితే ఆ ఖర్చు కూడా చూపించడానికి లేదు. 2025 ట్యాక్స్ దాకా అయితే మైళ్లు కూడా ఐటమైజ్ చేస్తేనే, అంటే మినహాయింపులు ఒక్కొక్కటీ విడిగా చూపిస్తేనే. చేస్తున్నారా?

అమీర్‌పేట_పద్మ
మాస్టారు గారు తెలియకుండానే అసలు విషయం చెప్పారు. కారుకి మైలుకి 14 సెంట్లు, ఆడదాని గంటకి సున్నా.

మన దేశంలో 2024 టైమ్ యూజ్ సర్వే చూడండి. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88. ఈ 88 నిమిషాల్లో బట్టలు మడవడానికి ఒక 15 నిమిషాలు తీయలేరా మీ ఆయన? శుక్రవారం నుంచి చూస్తున్నారు కదా, చూసిన కళ్లకి చేతులు లేవా? మీరు వెళ్లేది వారానికి 12 గంటలు. ఈ 12 గంటలకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన పనే లేదు. మీరు "మానేయాలా" అని అడగడమే తప్పు.

కాకినాడ_రావు
సర్వే ఇండియాది, ఆ అమ్మాయి ఉండేది టెక్సాస్‌లో. భర్త సంపాదిస్తున్నాడు, ఆవిడ ఇల్లు చూసుకుంటోంది. పని పంచుకోవడం అంటే అదే. మా ఆవిడ నలభై ఏళ్లు సంసారం చేసింది, ఏనాడూ నిమిషాలు లెక్కపెట్టలేదు.

ఉప్పుచేప
పద్మ గారూ, మీ ఇంట్లో బట్టలు ఎవరు మడుస్తారు?

అమీర్‌పేట_పద్మ
మా పనమ్మాయి. జీతం ఇచ్చి చేయించుకుంటున్నాం, ఊరికే కాదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఉప్పుచేప
సరే సరే.

బేఏరియా_వేణు
హెచ్4 మీద జాగ్రత్త. వాలంటీరంటే నిజంగా వాలంటీరే అయి ఉండాలి. జీతమిచ్చి పెట్టుకోవాల్సిన మనిషి చోట మిమ్మల్ని పెట్టుకుంటే రేపు తలనొప్పి. కార్మిక శాఖ వాళ్ల కాగితంలోనే ఉంది, లాభాపేక్ష లేని సంస్థ అయినా గిఫ్ట్ షాపులాంటి వ్యాపారం నడిపితే అందులో వాలంటీర్లతో చేయించడం సాధారణంగా కుదరదని. కౌంటర్ దగ్గర మాత్రం నిలబడకండి, ఒకసారి లాయరుని అడగండి.

మడతమంచం
వేణు గారూ, కౌంటర్ జోలికి వెళ్లను. లాయరు సంగతి అడుగుతాను, థాంక్స్.

అక్కడ ఏం చేస్తానో సరిగ్గా చెప్పలేదేమో, అందుకే అందరూ ఏదో ఊహించుకుంటున్నారు. మనవాళ్లు ఇండియా వెళ్లిపోతూ సామానంతా తెచ్చి వెనక తలుపు దగ్గర దింపేసి పోతారు. కుక్కర్లు ఎక్కువ. వెయిట్ ఊడిపోకుండా పేపర్లో చుట్టి లోపల పెడతారు. ఇక్కడివాళ్లకి అదేంటో తెలియదు, ఏదో ఇనుప ముక్క అనుకుని చెత్తలో వేసేవాళ్లు. వెయిట్ లేని కుక్కర్ ఎవరు కొంటారు? నేను వెళ్లిన మొదటి వారమే చెత్త డబ్బాలోంచి రెండు వెయిట్లు తీశాను. పిల్లల తొట్టెలు వస్తే మాత్రం చాలా జాగ్రత్త. పక్క చట్రం కిందికి జారే రకం తొట్టెల అమ్మకం 2011 నుంచి ఇక్కడ నిషేధం, అవి వస్తే పక్కన పెట్టేస్తాం.

పోయిన నెల ఒక నల్ల సంచిలో గద్వాల చీర వచ్చింది. నాతో పనిచేసే పెద్దావిడ దాన్ని కర్టెన్ అనుకుని 3 డాలర్ల చీటీ అంటించింది. నేను కొంగు విప్పి భుజం మీద వేసుకుని చూపించాను. కుచ్చిళ్లు ఎలా పెడతారో జీన్స్ మీదే పెట్టి చూపించాను. పని ఆపి అందరూ చుట్టూ చేరారు. మేనేజరు చీటీ పీకేసి 25 డాలర్లు రాసి అద్దాల బీరువాలో పెట్టింది. మడతలో ఒక పిన్నీసు ఉండిపోయింది, అంచు దగ్గర చిన్న కుంకుమ మరక. ఎవరి పెళ్లిదో అనుకున్నాను.

కాకినాడ_రావు
చీర ఏ రంగు? అంచు ఏ రంగు?

చీరాల_బట్టలకొట్టు
అక్కడ అమ్ముడుపోని బట్టలు బేళ్లు కట్టి తూకం లెక్కన అమ్మేస్తారమ్మా. విదేశాల పాత బట్టలు గుజరాత్‌లో కాండ్లా సెజ్‌కి (ప్రత్యేక ఆర్థిక మండలి) దిగుతాయి, అక్కడ మళ్లీ వేరుచేస్తారు. పానీపట్‌లో ఉన్ని బట్టలు చించి నూలు తీసి దుప్పట్లు నేస్తారు. మీరు మడిచిన స్వెట్టరే దుప్పటై మా కొట్టుకొచ్చినా రావచ్చు. ఇక పాత బట్టలు ముట్టుకోకూడదు అనే మాటకి మాత్రం నవ్వొచ్చింది. పాత ప్యాంట్లు, చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసుకోని ఇల్లు మన వైపు ఉందా? మా అమ్మ నాలుగు జరీ చీరలకి ఒక బేసిన్ తీసుకుని, ఇంకో గ్లాసు వేస్తేగాని గుమ్మం దిగనివ్వలేదు ఆ మనిషిని.

అమీర్‌పేట_పద్మ
అదే నేననేది. రావు గారి బాధ శుభ్రత కాదు. ఇంట్లో ఆడది గడప దాటితే బాధ. "మా ఆవిడ లెక్కపెట్టలేదు" అన్నారు. ఆవిణ్ణి ఎప్పుడైనా అడిగారా? ఇప్పుడు అడగండి, ఆవిణ్ణే వచ్చి ఇక్కడ రాయమనండి. నలభై ఏళ్లలో ఒక్కసారి మీ లుంగీ మీరు మడుచుకున్నారేమో చెబుతుంది.

కాకినాడ_రావు
ఆవిడ లేదు. రెండేళ్లయింది.

అమీర్‌పేట_పద్మ
క్షమించండి, నాకు తెలియదు.

కాకినాడ_రావు
మీకు తెలియదని తెలుసు. తెలియనప్పుడు నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలి.

గడప దాటితే నాకు బాధ అన్నారు కదా, చెబుతాను వినండి. మా ఆవిడ, నేను న్యూజెర్సీలో అబ్బాయి దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాం. వెళ్లినప్పుడల్లా పండగలకి కట్టుకోవాలని చీరలు తీసుకెళ్లి అక్కడే ఒక పెట్టెలో ఉంచి వచ్చేది. ఆవిడ పోయాక మళ్లీ నేనొక్కణ్ణే వెళ్లాను. పెట్టె లేదు. ఏమ్మా అని కోడల్ని అడిగితే, ఇల్లు సర్దాను మామయ్యా, రెండు సంచులు త్రిఫ్ట్‌లో ఇచ్చేశాను అంది. రసీదు కూడా చూపించింది. "బట్టలు, 2 సంచులు" అని ఉంది. అంతే. అందులో మా షష్టిపూర్తి చీర ఉంది. ఎవరో దాన్ని కర్టెన్ అనుకుని 3 డాలర్ల చీటీ అంటించే ఉంటారు. ఇవాళ ఈ అమ్మాయి రాసింది చదివి రెండు గంటలు లేవలేదు నేను.

హ్యూస్టన్_లెక్కలమాస్టారు
సార్, ఆ రసీదు మీద విలువ రాయరు. ఎంతో మనమే వేసుకోవాలి. ట్యాక్స్‌లో చూపించే వస్తువుల విరాళం 500 డాలర్లు దాటితే ఫారం 8283 పెట్టాలి.

ఉప్పుచేప
మాస్టారూ, ఇప్పుడా?

ఎడిసన్_కోడలు
రావు గారూ, మీ కోడల్ని నేను కాదు. కానీ నేనూ అదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను. మేం ఆరేళ్లలో మూడు అద్దె ఇళ్లు మారాం. మా అత్తగారి పెట్టె మూడిళ్లకీ మోశాం. ఇంట్లో ఉన్నవి రెండు క్లాజెట్లు. ప్రతిసారీ "ఇల్లంతా సామాన్లే, కాలు పెట్టే చోటు లేదు" అని మాట పడింది నేను. ఈ పెట్టె ఏం చేద్దాం అని మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు, ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. ఇచ్చాక, "అమ్మవి ఎలా ఇచ్చేశావు" అని మూడు నెలలు మాట్లాడలేదు. ఉంచితే ఇల్లు చూసుకోవడం రాదు, ఇస్తే మనసు లేదు.

మీ అబ్బాయిని అడిగారా సార్, ఆ పెట్టె సంగతి?

కాకినాడ_రావు
వాడికి ఆఫీసు. వాడికి ఇవన్నీ ఏం తెలుస్తాయి?

ఎడిసన్_కోడలు
సొంత అమ్మ చీరలు వాడికి తెలియవు, కోడలికి మాత్రం తెలియాలి.

కాకినాడ_రావు
ఒక ఫోన్ చేసి అడిగి ఉంటే చాలు. వద్దనే వాణ్ణి. అంతే కదా నేనడిగేది. బొంత కుట్టించినా కళ్లముందు ఉండేది.

నల్లగొండ_నర్సు
మొదట పోస్టు పెట్టినావిడని అందరూ మర్చిపోయారు. అమ్మా, నువ్వు సెప్టెంబరు నుంచి పోతున్నా అన్నవ్. మీ ఇంట్లో సోఫా మీద బట్టలు ఈ వారమే కొత్తగా పడ్డాయా? మరి మీ ఆయనకి మొన్న ఆదివారమే ఎందుకు కనపడ్డాయి?

మడతమంచం
ఈ ప్రశ్న చూసి రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను.

శనివారం ఒక పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చుకునే విందు) వెళ్లాం. ఆయన ఆఫీసులో ఒకాయన భార్య నన్ను సెంటర్‌లో చూసిందట. ఏప్రన్, గ్లవ్స్, చేతిలో ట్యాగ్ గన్. అందరి ముందు మా ఆయన్ని పక్కకి పిలిచి, "మీ ఆవిడ అక్కడ పనిచేస్తున్నారు, అంతా బాగానే ఉందా? లేఆఫ్ ఏమైనా..." అని అడిగింది. వాళ్ల టీమ్‌లో నిజంగానే ఇద్దరు పోయారు పోయిన నెల. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికో, దేశం వదలడానికో మామూలుగా మాకు 60 రోజులే టైమ్. ఆ టెన్షన్‌లో ఆయన రాత్రి రెండింటి దాకా లాప్‌టాప్ ముందే ఉంటున్నారు. కారులో వచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున లేచి సోఫా గురించి మాట్లాడారు.

కాబట్టి బట్టలు నేను ఇస్త్రీ చేసి బీరువాలో సర్దినా ఈ గొడవ ఆగదు. ఏప్రన్ మానేయాలి, అంతే. అది ఆయన నోటితో అనలేదు, నేను అడగలేదు.

అమీర్‌పేట_పద్మ
అడగండి మరి.

బేఏరియా_వేణు
ఆయన భయం కూడా భయమే కదండీ. లేఆఫ్ అని ఒకసారి పుకారు పుడితే ఆఫీసులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొన్నాళ్లు ఆగితే పోయేదేముంది?

నల్లగొండ_నర్సు
పుకారు పుట్టించింది ఆ పాట్‌లక్ ఆవిడ. మానాల్సింది ఈవిడనా?

మడతమంచం
రేపు మంగళవారం, వెళ్తున్నాను. తర్వాత సంగతి రాత్రి మాట్లాడాక చూస్తాను.

రావు బాబాయ్ గారూ, మీరు మధ్యలో రంగు అడిగారు, నేను చూసుకోలేదు. ఆ చీర వంగపండు రంగు, ఆకుపచ్చ అంచు. న్యూజెర్సీలో ఇచ్చినవి ఇక్కడికి వస్తాయని నేననుకోను. మా దగ్గరికి వచ్చేవి ఈ చుట్టుపక్కల వాళ్లు కార్లలో తెచ్చి దింపినవే.

కాకినాడ_రావు
మాది ఎరుపు. సరేనమ్మా.

అది అమ్ముడుపోయిందా?

మడతమంచం
పోయింది. మన అమ్మాయే, కొత్తగా చదువుకోడానికి వచ్చిందట. పిన్నీసు తీసి చేతికిచ్చాను.

హ్యూస్టన్_లెక్కలమాస్టారు
దూరం ఎంతో ఇంకా చెప్పలేదు.

మడతమంచం
11 మైళ్లు.

హ్యూస్టన్_లెక్కలమాస్టారు
రానుపోను 22, వారానికి 66. అంటే 9 డాలర్ల 24 సెంట్లు. ఐటమైజ్ చేస్తున్నారా?