‘ది టైగర్’: కవితలోని పులి, బ్లేక్ బొమ్మలోని పులి

కృష్ణాతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు ఆంగ్ల సాహిత్యం బోధిస్తున్నాను. విలియం బ్లేక్ కవిత ‘ది టైగర్’ మా పాఠ్యాంశాల్లో ఉంది. 24 పంక్తుల ఆ కవిత మొత్తం ప్రశ్నలతోనే నడుస్తుంది. సుత్తి, గొలుసు, కొలిమి, దాగలి అంటూ కమ్మరి పనిముట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఇంత భీకరమైన మృగాన్ని సాగగొట్టి తీర్చిన చేయి ఎవరిది, గొర్రెపిల్లను చేసినవాడే దీన్నీ చేశాడా అన్న చోటికి మనల్ని చేరుస్తాయి. మొదటి చరణంలో ‘చేయగలిగిన’ అన్న అర్థంలో ఉన్న మాట చివరి చరణంలో ‘చేయడానికి తెగించిన’ అన్న అర్థానికి మారడం నేను ఏటా ప్రత్యేకంగా వివరించే విషయం.

ఈసారి ఒక విద్యార్థిని బ్లేక్ స్వయంగా ముద్రించిన పుటను ఫోనులో చూపించి, “మేడమ్, కవితలో నిప్పులా మండే పులి బొమ్మలో ఇంత సాధువుగా నిలబడి ఉందేమిటి?” అని అడిగింది. నిజమే, ఆ పులి ముఖంలో క్రూరత్వం లేదు. నేను తృప్తికరమైన సమాధానం ఇవ్వలేకపోయాను. బొమ్మను వదిలేసి అక్షరాలను మాత్రమే చదివితే సరిపోతుందా, లేక ఇన్నేళ్లూ నేను సగం కవితనే బోధించానా? బ్లేక్‌కు దేవదూతలు కనిపించేవారన్న సంగతిని తరగతిలో ఎలా చెప్పాలో కూడా తెలిసినవారు వివరించగలరు. ఆ మాట వినగానే పిల్లలు పిచ్చివాడని తేల్చేస్తున్నారు.

రాగిరేకు:

మేడమ్ గారూ, నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను, ఎచింగ్, అంటే లోహపు రేకును ఆమ్లంతో తినిపించి బొమ్మ తీసే పని, చేసే చిత్రకారుణ్ణి. అందుచేత బ్లేక్ చేతిపని వైపు నుంచి చెబుతాను. ఆయన 1772లో, పద్నాలుగేళ్ల వయసులో, జేమ్స్ బసైర్ అనే ఎన్‌గ్రేవర్ (లోహపు రేకులపై బొమ్మలు చెక్కేవాడు) దగ్గర ఏడేళ్ల శిష్యరికానికి చేరాడు. గురువు పంపగా లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబే చర్చికి వెళ్లి, అక్కడి రాజుల సమాధులను చూసి గీసేవాడు. ఆ తరువాత జీవితాంతం ఆయనకు అన్నం పెట్టిన పని ప్రధానంగా రాగి మీద చెక్కడమే.

ఆ రోజుల్లో బొమ్మలున్న పుస్తకం తయారు కావాలంటే రెండు వేర్వేరు పనులు జరగాలి. అక్షరాలను కంపోజిటర్ సీసపు టైపుతో కూర్చితే ఒక యంత్రం మీద అచ్చయ్యేవి. బొమ్మను రాగిరేకులో గాడులుగా చెక్కి, వాటిలో సిరా నింపి మరో యంత్రం మీద తీసేవారు. బ్లేక్ 1788 నాటికి ఈ రెంటినీ ఒక్కటి చేశాడు. ఆమ్లానికి లొంగని వార్నిష్ వంటి ద్రవంలో కలాన్నీ కుంచెనూ ముంచి, కవితనూ బొమ్మనూ ఒకే రేకు మీద తానే రాసేవాడు. దాని మీద ఆమ్లం పోస్తే రాయని చోటంతా తినేసి లోతుకు పోతుంది, రాసినది ఉబ్బెత్తుగా మిగులుతుంది. దానికి సిరా పూసి, తేలికైన ఒత్తిడితో కాగితం మీదికి తీసి, తరువాత నీటి రంగులు వేసేవారు. అచ్చులో అక్షరం తిన్నగా పడాలంటే రేకు మీద ప్రతి పంక్తినీ అద్దంలో కనిపించినట్టు, కుడి నుంచి ఎడమకు రాయాలి. అలా ఒక్క పుట రాయడానికి ఎంత ఓర్పు కావాలో ఈ పని చేసినవారికి తెలుస్తుంది.

‘టైగర్’ రేకు ఎత్తు దాదాపు 11 సెంటీమీటర్లు. అరచేతిలో ఇమిడే ఆ చోటులోనే ఆరు చరణాలూ, కుడి అంచున ఆకుల్లేని చెట్టూ, చరణాల మధ్యకు చొచ్చుకువచ్చే దాని కొమ్మలూ, అడుగున పులీ ఉన్నాయి. కొమ్మ అడ్డుపడిన చోటల్లా చదివే కన్ను ఒక్క క్షణం ఆగుతుంది. పాఠ్యపుస్తకంలో ఆ ఆగడం ఉండదు కనుక, సగం కవిత అన్న మీ అనుమానం నాకు సబబుగానే తోస్తోంది. ఇంకొక సంగతి మీ తరగతికి పనికి రావచ్చు. రాగి ఖరీదైన లోహం కావడంతో, ‘టైగర్’ ఉన్న ‘సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ సంపుటి రేకుల్లో చాలావాటిని ఆయన 1789 నాటి ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్’ రేకుల వెనుక వైపునే తయారు చేశాడు.

పాలేరు:

నేను లండన్‌లో ఉంటున్నాను. బ్రిటిష్ మ్యూజియంలో ఈ పుటలను దగ్గరగా చూసే అవకాశం ఒకసారి దొరికింది. రాగిరేకు గారు చెప్పినదానికి నేను చేర్చవలసింది ఒకటే: ఒకే రేకు నుంచి తీసినప్పటికీ ఏ రెండు ప్రతులూ ఒకేలా ఉండవు. కొనేవారు దొరికినప్పుడల్లా ముప్పై ఏళ్లకు పైగా కొద్ది కొద్దిగా ముద్రించి, ప్రతిసారీ వేరుగా రంగులు వేశారు. అందువల్ల మీ విద్యార్థిని చూసినది అన్ని ప్రతుల్లోని పులి కాదు.

అయినా రంగు మారినంత మాత్రాన ఆ పులి భయంకరంగా మారదని ఒప్పుకోవాలి. చోటు చాలకనో, చేతకాకనో అలా వచ్చిందన్న వాదనను మాత్రం నేను అంగీకరించను. నాలుగు కాళ్ల మీద పాకుతూ, కళ్లు వెడల్పు చేసుకుని మనవైపు చూసే బైబిలులోని బాబిలోన్ రాజు నెబుకద్నెజర్‌ను 1795లో చిత్రించినవాడు ఈయనే. 1819 ప్రాంతంలో వేసిన ‘గోస్ట్ ఆఫ్ ఎ ఫ్లీ’ (రక్తం పీల్చే ఒక చిన్న పురుగు దయ్యం) కూడా చాలా చిన్న చిత్రమే, కానీ దాని ముందు నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది. భయపెట్టదలచుకుంటే బ్లేక్‌కు చేతనవును. నా దృష్టిలో కవితలోని భయమంతా ప్రశ్నలు వేస్తున్న గొంతుది. ఆ గొంతు వణుకుతున్నంతసేపూ పుట అడుగున ఆ జంతువు తన మానాన తాను నిలబడి ఉంది. ఈ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే, పులిని అంత ఘోరంగా ఊహించుకున్నది ఎవరన్న మరో ప్రశ్న పుడుతుంది. అచ్చు అక్షరాలను మాత్రమే చదివితే అది తట్టదు.

అడవిబాట:

దేవదూతల గురించి మీరడిగిన ప్రశ్నకు నాకు తోచిన సమాధానం రాస్తున్నాను. బ్లేక్ 1757 నవంబరు 28న లండన్‌లోని సోహోలో ఒక మేజోళ్ల వ్యాపారి ఇంట పుట్టాడు. పెకమ్ రై అనే చోట ఒక చెట్టు నిండా దేవదూతలను చూశానని చిన్నప్పుడు ఇంటికి వచ్చి చెబితే, అబద్ధమని తండ్రి కొట్టబోగా తల్లి అడ్డుపడిందని చెబుతారు. 1787లో తమ్ముడు రాబర్ట్ చనిపోయినప్పుడు, అతని ఆత్మ ఆనందంతో చప్పట్లు కొడుతూ పైకి వెళ్లడం చూశానన్నాడు. రాగిరేకు గారు వివరించిన ముద్రణ పద్ధతిని తనకు తెలిపింది ఆ తమ్ముడేనని కూడా చెప్పుకున్నాడు. నేనైతే పిల్లలకు ఈ చివరి మాటను తప్పకుండా చెబుతాను. మనం ఆ దర్శనాన్ని నమ్మినా నమ్మకపోయినా, దాని నుంచి వచ్చిన పద్ధతి పనిచేసింది. రాగి, ఆమ్లం, సిరా దానికి సాక్ష్యం.

దర్శనాలు చూసినవాడు కళ్లముందున్న లోకాన్ని చూడలేదనుకోవడం కూడా పొరపాటు. ‘లండన్’ కవిత చిత్తుప్రతి ఆయన నోటుబుక్కులో ఉంది. అందులో మొదట వీధులూ థేమ్స్ నదీ ‘మురికి’గా ఉన్నాయి. తరువాత ఆ మాటను కొట్టివేసి, పట్టా హక్కుతో స్వంతం చేసుకున్నవి అనే అర్థం వచ్చే మాట వేశాడు. మురికి అన్నప్పుడు అది వర్ణన మాత్రమే. పట్టా అనగానే నీటిని కూడా కాగితం మీద రాసుకున్నవాళ్లు ఎవరన్న విచారణ మొదలవుతుంది. ఇంత నిశితంగా మాటను మార్చిన మనిషిని పిచ్చివాడని తోసిపుచ్చడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఆ ముద్ర బ్రతికుండగానే పడింది. 1809లో, తాను పుట్టిన ఇంట్లోనే, అన్న నడుపుతున్న మేజోళ్ల దుకాణంలో ప్రదర్శన పెడితే, ‘ఎగ్జామినర్’ పత్రిక ఆయనను దురదృష్టవంతుడైన ఉన్మాదిగా వర్ణించింది. ఆ ప్రదర్శనలో ఆంగ్లేయ పండితుడు చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతను అనువదిస్తున్నట్టు వేసిన ‘ది బ్రామిన్స్’ అనే చిత్రం ఉందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. విల్కిన్స్ అనువాదం 1785లో వెలువడింది. చిత్రం ఇప్పుడు లేదు. తాను వేసిన వేషధారణ సరైనది కాదని బ్లేక్ స్వయంగా ఒప్పుకున్న మాటలు మాత్రం ప్రదర్శన కేటలాగులో మిగిలాయి.

బ్లేక్ భార్య కాథరిన్ గురించి కూడా చెప్పండి. 1782లో పెళ్లి రిజిస్టరులో సంతకానికి బదులు గీటు పెట్టిన ఆమె, భర్త దగ్గర చదవడం, రాయడం నేర్చుకుని, అచ్చులు తీయడంలోనూ రంగులు వేయడంలోనూ సహాయపడింది. మనం చూస్తున్న పుటల్లో ఆమె చేయి కూడా ఉంది. ఆయన అరవై దాటాక ఇటలీ కవి డాంటే కోసం ఇటాలియన్ నేర్చుకుని, 102 చిత్రాలు వేసి, అవి పూర్తి కాకుండానే 1827 ఆగస్టు 12న మరణించాడు. లండన్‌లోని బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానంలో ఖననం చేసిన కచ్చితమైన చోటును గుర్తించి రాయి వేసింది 2018లోనే.

కృష్ణాతీరం:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పాలేరు గారి వ్యాఖ్యానాన్ని రేపు ఆ అమ్మాయికి చెబుతాను. అయితే భయం పూర్తిగా ప్రశ్నించే గొంతుదేనంటే నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. చివరి చరణంలో ఆ తెగింపు మాట పులిని చేసినవాడి గురించి వచ్చింది కదా. దాన్ని తరగతిలోనే చర్చకు పెడతాను.

ఒకే కాగితానికి ఒక వైపు బ్లేక్‌దే గొర్రెపిల్ల కవిత ‘ది లాంబ్’, రెండో వైపు ‘ది టైగర్’ పుటలను రంగుల్లో తీయించి అందరికీ ఇవ్వాలనుకుంటున్నాను. దానికి ముందు రాగిరేకు గారి మాట పట్టుకుని, ప్రతి ఒక్కరినీ ఒక తెలుగు పద్యపాదాన్ని అద్దంలో సరిగా కనిపించేలా తిరగేసి రాయమంటాను. ఇందాక నేనే ప్రయత్నించాను. ‘క’ తలకట్టు ఎటు తిరగాలో తేల్చుకోవడానికే చాలాసేపు పట్టింది, ‘ఋ’ దగ్గర చేయి పూర్తిగా ఆగిపోయింది.