జెన్షిన్ ఇంపాక్ట్ గేమ్: ఏఆర్ (అడ్వెంచర్ ర్యాంక్) 38, నలుగురూ లెవెల్ 60 లోనే ఆగున్నారు, ముందెవర్ని పెంచాలి?

పర్లాకిమిడి_పైమాన్:

అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి, ఆసియా సర్వర్, ఫోన్‌లోనే ఆడతాను. ఏఆర్ 38, వరల్డ్ లెవెల్ (రాక్షసుల బలం) 4. టీమ్ వచ్చి షియాంగ్‌లింగ్, బెన్నెట్, షింగ్‌చ్యూ, సుక్రోజ్, నలుగురూ 60 దగ్గర ఆగున్నారు, ఇంకా అసెండ్ (సామాన్లిచ్చి లెవెల్ లిమిట్ పెంచడం) చెయ్యలేదు. అరుదైన 5 స్టార్ కేరక్టర్ అంటే ఒక్క డిలూక్, వాడు 40 లో పడున్నాడు. ఇంకో రెండు ర్యాంకులెక్కితే వరల్డ్ లెవెల్ 5 అయిపోద్ది కదా, ఇప్పటికే రూయిన్ గార్డ్ అనే రోబో గాడు చేతులు చాపి ఒక్క తిప్పుడు తిరిగితే నా సుక్రోజ్ పోతంది, అప్పుడింకేటవుద్దో.

లెవెల్ పెంచే హీరోస్ విట్ బుక్స్ వంద లోపు ఉంటాయి, మోరా (గేములో డబ్బు) మాత్రం ఎప్పుడు చూసినా ఖాళీయే. మా మేనత్త కొడుకొకడు గుణుపూర్‌లో ఉంటాడు, పాత పీసీ గేములు ఆడి ఆడి ఉన్నాడేమో "బుక్స్ కోసం ఏడవకు, హిలిచర్ల (చిన్న రాక్షసుల) క్యాంపులు పట్టుకుని కొట్టుకుంటూ తిరుగు, లెవెల్ అదే వస్తది" అంటాడు. ఇంకో ఫ్రెండేమో దొరికిన ప్రతి కేరక్టర్నీ 50 దాకా లాగీమంటాడు, ఎవడు ఎప్పుడు పనికొస్తాడో తెలీదు కదా అని. ఎవరి మాట వినాలి?

ఇంకోటి, మా వీధిలో ఫోను కాసేపు ఒడిశా టవర్, కాసేపు పాతపట్నం వైపు టవర్ పట్టుకుంటది, పింగ్ ఎప్పుడు 300 దాటిపోద్దో చెప్పలేం, అందుకని రోజుకి అరగంట, మహా అయితే ముప్పావుగంట, అంతకంటే కూర్చోలేను. ఆ టైములో రెజిన్ (రివార్డులు తీసుకోడానికి ఖర్చయ్యేది) దేని మీద పెట్టాలో చెప్పండి. ఆర్టిఫాక్ట్స్ (కేరక్టర్లకి తొడిగేవి) దొరికే డొమైన్లు ఇప్పుడే మొదలెట్టీయొచ్చా?

రాయగడ_రెజిన్:

ముందు మీ మేనత్త కొడుకు మాట పక్కన పెట్టు తమ్ముడూ. ఆయన ఆడిన గేముల్లో అది కరెక్టే, ఇందులో మాత్రం రాక్షసుల్ని కొడితే వచ్చే ఈఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) చిల్లర డబ్బులు. అసలు సరుకంతా బుక్స్‌లోనే ఉంది. హీరోస్ విట్ ఒకటి 20,000, మధ్య రకం 5,000, చిన్నది 1,000. పైగా ప్రతి 5 ఈఎక్స్‌పీకి 1 మోరా లాగుతాడు, అంటే ఒక్క హీరోస్ విట్ తినిపించాలంటే 4,000 మోరా చేతిలో ఉండాలి, నీకు మోరా నిలవట్లేదంటే ఎటు పోతందో అర్థమయింది కదా. క్యాంపులు కొట్టడం మొత్తం వేస్ట్ అని కాదు, మాస్కులు, స్లైమ్ జిగురు, బాణాల మొనలు అసెన్షన్‌కి కావాలి, వాటి కోసం కొట్టు, లెవెల్ కోసం కాదు.

ఇప్పుడు ఆ రెండో ఫ్రెండ్ సంగతి. 1 నుంచి 50 దాకా ఒక కేరక్టర్‌కి 12,77,600 ఈఎక్స్‌పీ కావాలి, అంటే 64 హీరోస్ విట్. నీ షియాంగ్‌లింగ్ 60 నుంచి 70కి వెళ్ళడానికి 11,95,925, అంటే 60 బుక్స్. చూసావా, బెంచీ మీద కూర్చోబెట్టే వాడొకడికి పెట్టిన ఖర్చుతో రోజూ కొట్టే పిల్ల పదిలెవెల్స్ ఎక్కీసి ఇంకా నాలుగు బుక్స్ మిగుల్తాయి. అలాంటోళ్ళని ఆరుగుర్ని పెంచీసి వరల్డ్ లెవెల్ 5 కి వెళ్తే అక్కడ రాక్షసులు మన బెంచీ చూసి జాలి పడరు. నలుగురే. ఐదో వాడు వద్దు, ఈ నలుగురూ 70, తర్వాత 80 అయ్యేదాకా.

వరస ఏటంటే, ముందు బుక్స్ ముట్టుకోకు, నలుగుర్నీ 60 దగ్గర అసెండ్ చెయ్యి. అసెండ్ చేసిన వెంటనే లెవెల్ పెంచకపోయినా బేస్ స్టాట్స్ కొంచెం జరుగుతాయి, టాలెంట్ (స్కిల్) లిమిట్ 6 కి వెళ్తది, చాలామంది ఇది చూడరు. ఒక్కొక్కరికీ 80,000 మోరా, బాస్ ఐటమ్ 8, లోకల్ స్పెషాల్టీ (ఆ ప్రాంతంలో దొరికే పువ్వులు లాంటివి) 30. బెన్నెట్‌కీ షియాంగ్‌లింగ్‌కీ ఒకటే బాస్, పైరో రెజిస్‌వైన్, కాబట్టి దాని మీద పెట్టిన రెజిన్ ఇద్దరికీ పనికొస్తది. బెన్నెట్‌కీ సుక్రోజ్‌కీ ఇద్దరికీ విండ్‌వీల్ ఆస్టర్ పువ్వే, ఒక్కొక్కరికి 90 దాకా 168 కావాలి కాబట్టి అది ఇప్పట్నుంచే కోసి పెట్టుకో, కోసినచోట మళ్ళీ మొలవడానికి రెండ్రోజులు పడతది. షింగ్‌చ్యూ బాస్ ఓషనిడ్, దానితో ఓపిక కావాలి, నీటి పక్షులూ కప్పలూ పీతలూ అని విడతలు విడతలుగా దింపుతది, నీ పింగ్‌తో దాన్ని సాయంత్రం పూట మాత్రం పెట్టుకోకు.

తర్వాత బుక్స్. మొదట షియాంగ్‌లింగ్ 70, ఆమే కొట్టేది. రెండోది బెన్నెట్. మిగతా ఇద్దరికీ బుక్స్ దొరికినప్పుడు.

పర్లాకిమిడి_పైమాన్:

64 కి 60 లెక్క చూసి మా ఫ్రెండ్‌కి స్క్రీన్‌షాట్ పంపీసాను అన్నా, ఇంకా రిప్లై లేదు. మరి డిలూక్‌ని అలాగే ఒగ్గీమంటారా, 5 స్టార్ కదా?

సిరోంచ_స్టామినా:

తమ్మీ, డిలూక్‌ని గట్లనే ఉంచు, పాతబడిపోడు. నక్షత్రాలు ఐదా నాలుగా అని చూసి పెంచుడు కాదు, ఎవరి చేతిల ఏం పని ఉందో చూడాలె. నీకు మస్తు మంచి టీమ్ ఉన్నది ఇప్పుడు, షింగ్‌చ్యూ నీళ్ళ కత్తుల మీద షియాంగ్‌లింగ్ నిప్పు తగుల్తే వేపరైజ్ అనే రియాక్షన్ అయ్యి దెబ్బ 1.5 రెట్లు వస్తది, అది ఉచితంగ వచ్చే బలం, దానికి బుక్స్ ఖర్చు లేదు. డిలూక్‌కి మళ్ళ వేరే కత్తి కావాలె, వేరే ఆర్టిఫాక్ట్స్ కావాలె, యాడికెల్లి తెస్తవ్?

రూయిన్ గార్డ్ తానికి ఇంత భయమెందుకు. కంట్ల బాణమెయ్యి. ఫ్రీగ వచ్చిన ఆంబర్ ఉన్నది కద, లెవెల్ 1 ఉన్నా పర్వాలేదు, వాడు నిలబడ్డప్పుడు గురిపెట్టి మెరిసే కంట్ల కొట్టు, రెండు సార్లు తగిల్తే కుప్పకూలుతడు, లేసే లోపల షియాంగ్‌లింగ్ బరస్ట్ (పెద్ద దెబ్బ) వేసుకో. గిరగిర తిరిగేటప్పుడు మాత్రం దూరం ఉరుకు, స్టామినా దాచుకోని ఉండాలె, ఊకె కొండలెక్కి ఖాళీ చేసుకోని ఫైట్‌లకు పోతే గిట్లనే అయితది. లెవెల్ తక్కువైందని అనుకుంటరు గని సగం సావులు డాడ్జ్ చెయ్యక అయ్యేటియే.

సిగ్నల్ ముచ్చట మాకు కూడ అంతే, మా ఇంట్ల ఒక సిమ్ గోదావరి అవతల కాళేశ్వరం దిక్కు టవర్ పట్టుకుంటది, ఒకటి ఇవతలది. వాన పడితే రెండూ పోతయ్. అందుకే నేను కండెన్స్‌డ్ రెజిన్ చేసి పెట్టుకుంట, ఒక్క ఫైట్ కొడ్తే ఎక్కువ రివార్డ్, మధ్యల కట్ అయ్యే ఛాన్స్ తక్కువ. లీయుయే ప్రాంతంల రెప్యుటేషన్ లెవెల్ 3 అయితే రెసిపీ ఇస్తరు, అది చేసెటందుకు క్రిస్టల్ ఫ్లై పురుగులు కనిపిస్తే పట్టుకుంట ఉండు. బాసుల మీద మాత్రం అది నడవది, యాదుంచుకో.

బరంపురం_బార్బరా:

సిరోంచ అన్నయ్య చెప్పింది ఒప్పుకుంటాను, ఒక్క ముక్క తప్ప. డాడ్జ్ చెయ్యమని చెప్పడం ఈజీయే, 300 పింగ్‌లో టచ్ స్క్రీన్ మీద ఎంత చేస్తారు చెప్పండి, అందుకే ఈ తమ్ముడికి బెన్నెట్ ముఖ్యం, వాడి బరస్ట్ వలయంలో నిలబడితే రక్తం నిండుతుంది, దెబ్బ తగిలినా బతుకుతారు. నేనైతే షియాంగ్‌లింగ్‌తో పాటు బెన్నెట్‌ని కూడా సమానంగా తీసుకెళ్తాను.

బెన్నెట్ విషయంలో చాలామంది వాడికి అటాక్ ఆర్టిఫాక్ట్స్ పెడతారు. వాడు టీమ్‌కి పంచే అటాక్ వాడి బేస్ అటాక్ నుంచి మాత్రమే లెక్క కడతారు, బేస్ అంటే వాడి లెవెల్ ప్లస్ చేతిలో కత్తి, అంతే. ఆర్టిఫాక్ట్‌లో వచ్చే అటాక్ అందులోకి రాదు. కాబట్టి వాడి లెవెలూ, కత్తి లెవెలూ పెంచండి, ఆర్టిఫాక్ట్స్‌లో హెచ్‌పీ, ఎనర్జీ రీఛార్జ్ పెట్టండి. బేస్ అటాక్ ఎక్కువున్న కత్తి 4 స్టార్ అయినా చాలు.

రోజుకి రెజిన్ ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. 8 నిమిషాలకి 1 చొప్పున రోజుకి 180 వస్తుంది. 2024 లో 4.7 వెర్షన్ నుంచి నిల్వ లిమిట్ 160 నుంచి 200 చేశారు, నిండడానికి 26 గంటల 40 నిమిషాలు పడుతుంది, అంటే రోజూ ఒకే టైముకి లాగిన్ అయితే చుక్క వేస్ట్ అవ్వదు. మన ఆసియా సర్వర్‌లో రోజు మారేది రాత్రి ఒంటిగంటన్నరకి. టాలెంట్ బుక్స్ (లెవెల్‌వి కాదు, స్కిల్స్ పెంచేవి) వారం చూసి వెళ్ళాలి: సుక్రోజ్‌వి సోమ, గురు. బెన్నెట్, షియాంగ్‌లింగ్‌వి మంగళ, శుక్ర. షింగ్‌చ్యూవి బుధ, శని. ఆదివారం అన్నీ ఉంటాయి. మంగళవారం అర్ధరాత్రి పన్నెండున్నరకి లాగిన్ అయినా గేములో ఇంకా మంగళవారమే, ఒంటిగంటన్నర దాటాకే బుధవారం బుక్స్ వస్తాయి.

ఈ ర్యాంకులో నా లెక్క అయితే ముందు బాసులు అసెన్షన్ అయ్యేదాకా, తర్వాత మిగిలిన రెజిన్ అంతా లే లైన్ నీలం పువ్వు, పసుపు పువ్వు. నీలం అంటే బుక్స్, పసుపు అంటే మోరా. వరల్డ్ లెవెల్ 4 లో పసుపు పువ్వు ఒక్కోటి 44,000 ఇస్తుంది, 5 కి వెళ్తే 52,000, ఆ పైన 60,000 దగ్గర ఆగిపోతుంది. మీ నలుగురూ అసెండ్ అయి 70 అవ్వాలంటే మొత్తం 12 లక్షల 76 వేల మోరా పైనే కావాలి, కాబట్టి పసుపు పువ్వుని చిన్నచూపు చూడకండి. ఒకటి నీలం కొడితే ఒకటి పసుపు అనుకుని వెళ్ళిపోండి. లే లైన్ ఓవర్‌ఫ్లో ఈవెంట్ వచ్చినప్పుడు రోజుకి 3 సార్లు ఈ పువ్వులు డబుల్ ఇస్తాయి, ఆ వారం వేరే దేనికీ రెజిన్ పెట్టకూడదు, నేను పెట్టను.

ఆర్టిఫాక్ట్స్ ఏఆర్ 45 దాకా వద్దు. 45 నుంచే డొమైన్‌లో 5 స్టార్ గ్యారంటీగా పడుతుంది, అప్పటిదాకా లాటరీ. చెస్ట్‌లలో దొరికిన 4 స్టార్‌వి మెయిన్ స్టాట్ చూసి తగిలించుకోండి. ఫ్రాజైల్ రెజిన్ ఉంటే అదీ 45 దాకా దాచండి, ఒక్కోటి 60 రెజిన్.

జయపురం_జింక్స్:

పూరీ గుణుపూర్ ట్రైన్‌లో డెయిలీస్ (రోజువారీ కమిషన్లు) చేసేవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ, నౌపడా దాటి లోపలికి తిరిగాక కమిషన్ మధ్యలోనే ఆగిపోతుంది 😂

బరంపురం_బార్బరా:

@జయపురం_జింక్స్ పలాస లోపలే ముగించెయ్యాలి. లేదంటే కమిషన్లే చెయ్యక్కర్లేదు, కథ క్వెస్ట్‌లు, చెస్ట్‌లతో ఎన్‌కౌంటర్ పాయింట్లు పోగై ఉంటే అదే రివార్డ్ ఇచ్చేస్తారు కదా, ట్రైన్ దిగాక గేములో గిల్డ్ కౌంటర్ దగ్గరుండే కాథరిన్ దగ్గరికెళ్ళి తీసుకోండి.

పర్లాకిమిడి_పైమాన్:

అక్కా, ఏఆర్ ని 40 కి వెళ్ళకుండా ఆపీయొచ్చా? అంటే రెజిన్ వాడకుండా కొన్నాళ్ళు ఆగితే.

రాయగడ_రెజిన్:

అది చెయ్యకు. 20 రెజిన్‌కి 100 ఏఆర్ ఈఎక్స్‌పీ వస్తది, ఆ భయంతో రెజిన్ ఆపితే బుక్సూ ఆగిపోతాయి మోరా ఆగిపోద్ది, నువ్వు దేనికోసం ఆగావో అదే రాదు. పైగా 40 అయితేనే 80 దాకా అసెన్షన్ తెరుచుకుంటది. బలవంతంగా ఆపుకోవాలనుకుంటే 45 దగ్గర అసెన్షన్ క్వెస్ట్ ఉంటది, అది చెయ్యకుండా ఉంచితే వరల్డ్ లెవెల్ పెరగదు, అక్కడ ఆగి ఆర్టిఫాక్ట్స్ సరిచేసుకోవచ్చు, అదీ అవసరమైతేనే.

ఇంకోటి ముందే చెప్పీస్తన్నాను, 80 అయ్యాక ఎవడో వచ్చి 90 చెయ్యమంటాడు. 1 నుంచి 80 దాకా మొత్తం 49,39,525 అయితే 80 నుంచి 90కి ఒక్కదానికే 34,23,125, అంటే 172 హీరోస్ విట్, 6,84,625 మోరా. అదంతా పెట్టి షియాంగ్‌లింగ్‌కి బేస్ అటాక్ 210 నుంచి 225 అవుతది. పదిహేను. ఆ రెజిన్‌తో టాలెంట్స్ చేసుకో.

బరంపురం_బార్బరా:

షియాంగ్‌లింగ్‌కి కరెక్ట్, సుక్రోజ్‌కి మాత్రం కాదు. స్విర్ల్, ఓవర్‌లోడ్, హైపర్‌బ్లూమ్ లాంటి రియాక్షన్ల డామేజీ, ఆ రియాక్షన్ చేసిన కేరక్టర్ లెవెల్ మీద ఆధారపడి ఉంటుంది. 80 నుంచి 90కి అది దాదాపు మూడో వంతు పెరుగుతుంది, అటాక్ ఎంతున్నా సంబంధం లేదు. వేపరైజ్‌కి ఇది వర్తించదు. ఎప్పుడో ఒకర్ని 90 చెయ్యాలని ఉంటే స్విర్ల్ కొట్టే సుక్రోజ్‌ని చెయ్యండి, రేపు కూకీ షినోబు అనే కేరక్టర్ వచ్చి హైపర్‌బ్లూమ్ టీమ్ కడితే ఆమెని చెయ్యండి. ఏఆర్ 50 దాకా ఆ ఆప్షనే తెరుచుకోదు కాబట్టి ఇప్పుడు తొందరేం లేదు.

సిరోంచ_స్టామినా:

గిది నాకు తెల్వదు, మంచి పాయింట్ చెప్పిన్రు. నా సుక్రోజ్ 80 లనే ఉన్నది, పోయి చేస్త.

పర్లాకిమిడి_పైమాన్:

సరే, ఇలా చేస్తాను: ఈ వారం రెజిస్‌వైన్ కొట్టి బెన్నెట్, షియాంగ్‌లింగ్ ఇద్దర్నీ అసెండ్ చేసీసి, ఉన్న బుక్స్‌తో షియాంగ్‌లింగ్ 70, మిగిలినవి బెన్నెట్‌కి. విండ్‌వీల్ ఆస్టర్ మాత్రం నా వరల్డ్‌లో మొత్తం కోసీసాను, మళ్ళీ మొలిచేదాకా ఎవరి వరల్డ్‌లోకైనా రానిస్తారా? ఒడిశా వైపు టవర్ దొరికితే రాత్రి తొమ్మిది తర్వాత బాగానే ఉంటది.

రాయగడ_రెజిన్:

రా తమ్ముడూ, యూఐడీ (గేమ్ ఐడీ నంబర్) ఇక్కడ పెట్టకు, మెసేజ్‌లో పంపు. నా వరల్డ్‌లో మాండ్‌స్టాట్ ప్రాంతంలో పువ్వులు ముట్టుకోలేదు, అన్నీ కోసుకుపో. కోఆప్ (కలిసి ఆడడం) అడిగేటప్పుడు పైన నీ పేరు చూసి తీసుకుంటాను, తొమ్మిదిన్నరకి మా వైపు కరెంట్ పోకుండా ఉంటే.