రివర్‌లో బ్లఫ్: ఎన్నిసార్లు ఫోల్డ్ అయితే గిట్టుబాటు? నా లెక్క ఎక్కడ తప్పింది?

కొత్తపేక:

రెండు రోజులుగా ఒక హ్యాండ్ బుర్ర తినేస్తోంది. నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బోర్డు మీద అందరికీ కలిపి ఐదు ఉండే పోకర్), నేను బటన్ మీద (ప్రతి రౌండులో చివర ఆడే సీటు) ఉన్నాను, ఎదురుగా బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే తప్పనిసరి పందెం పెట్టే సీటు) ఒక్కడే మిగిలాడు. నా చేతిలో ఆటీను రాణి, ఆటీను జాకీ. ఫ్లాప్‌లో (బోర్డు మీద మొదటి మూడు ముక్కలు) ఆటీను కింగ్, ఆటీను 9, కళావరు 4 పడ్డాయి. పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 80 ఉంటే నేను 80 పెట్టాను, కాల్ చేశాడు (తనూ అంతే పెట్టాడు). టర్న్ (నాలుగో ముక్క) ఇస్పేటు 2. చెక్ చేశాడు (పందెం పెట్టకుండా వదిలాడు), పాట్ 240, నేను 180 పెట్టాను, మళ్లీ కాల్. రివర్ (చివరి ముక్క) డైమన్ 7. ఫ్లష్ (ఐదూ ఒకే రంగు, ఇక్కడ ఐదూ ఆటీన్లు) కుదిర్చే ఆటీనూ రాలేదు, నాకు సీక్వెన్స్ కుదిర్చే 10 కూడా రాలేదు. ఇప్పుడు పాట్ 600. మళ్లీ చెక్ చేశాడు. చేతిలో ఏమీ లేదు, బ్లఫ్ తప్ప గెలిచే దారి లేదనిపించి 400 తోసేశాను. అతను రెండు ముక్కలూ మూల ఎత్తి చూసుకుని, బోర్డు వంక ఓ నిమిషం చూసి, కాల్ అన్నాడు. అతని దగ్గర కింగ్, 10, అంటే కింగ్ జత. పైగా "ఆటీను పడలేదుగా" అని నవ్వు.

ఆట అయ్యాక గొడవ మొదలైంది. 600 కోసం 400 పెట్టావు కాబట్టి మూడింట రెండుసార్లు, అంటే 67 శాతం అతను ఫోల్డ్ చేస్తేనే (ముక్కలు పడేస్తేనే) నీకు లాభం అని ఒక ఫ్రెండ్. 40 శాతం చాలు అని నేను. ఇంకొకడేమో ఆ 600లో 300 నీ చిప్సే, నువ్వు గెలిచేది 300 మాత్రమే, కాబట్టి 57 శాతం కావాలి అంటాడు. ఎవరు కరెక్ట్? నేనే కరెక్ట్ అయితే, అతను 40 శాతం ఫోల్డ్ చేస్తాడో లేదో టేబుల్ దగ్గర కూర్చుని ఎలా తెలుసుకోవాలి? నాకు అసలు సందేహం ఇదే.

లెక్కలపిచ్చి:

40 శాతమే. ఫార్ములా ఎందుకు, పదిసార్లు ఆడి చూడండి. నాలుగుసార్లు ఫోల్డ్ చేస్తే 600 చొప్పున 2400 వచ్చింది. ఆరుసార్లు కాల్ చేస్తే 400 చొప్పున 2400 పోయింది. సున్నా. నోటికి గుర్తుండాలంటే, మీ బెట్‌ని (పాట్ + మీ బెట్)తో భాగించండి. 400 బై 1000. మీ ఫ్రెండ్ 400ని ఒట్టి 600తో భాగించాడు, అది నిష్పత్తే తప్ప ఎన్నిసార్లకు ఎన్నిసార్లు అన్న లెక్క కాదు. అతని పద్ధతిలో పాట్‌కి సమానంగా బెట్ పెడితే 100 శాతం ఫోల్డ్ కావాలి అని వస్తుంది, అదొక్కటి అడగండి, నోరు మూతపడుతుంది.

ఇక ఆ "300 నీవే" అన్నాయన సంగతి. పాట్‌లో పడ్డ చిప్స్ పాట్‌వి, మీవి కావు. రివర్‌లో మీరు తీసుకునే నిర్ణయానికి అవి ఎవరి జేబులోంచి వచ్చాయన్నది అనవసరం. ఇది చాలామంది చేసే పొరపాటే, ఎక్కువగా రెండో వైపు నుంచి: "ఇంత పెట్టాను, ఇప్పుడెలా వదిలేస్తాను" అని.

పాట్‌లో మూడో వంతు బెట్‌కి 25 శాతం ఫోల్డ్ చాలు, సగానికి 33, ముప్పావుకి 43, పూర్తి పాట్‌కి 50, రెండింతలకి 67. ఒకరికంటే ఎక్కువమంది ఉంటే అందరూ పడేయాలి కాబట్టి గుణించుకోవాలి. మీ 400 బెట్‌కే ఇద్దరుంటే ఒక్కొక్కరు 63 శాతం ఫోల్డ్ చేయాలి, ముగ్గురుంటే 74. ముగ్గురి మీద బ్లఫ్ చేసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

టర్న్‌లో మీరు పెట్టిన 180 మాత్రం బాగుంది. మామూలు బ్లఫ్ అయితే 43 శాతం ఫోల్డ్ కావాలి. కానీ అప్పటికి మీకు 9 ఆటీన్లు, ఆటీను కాని 10లు మూడు, మొత్తం 12 ముక్కలు పనికొస్తాయి. కనిపించని 46లో 12 అంటే 26 శాతం. కాల్ చేసినా నాలుగోవంతు సార్లు మీరే గెలుస్తారు. ఆ లెక్క కలిపితే 9 శాతం ఫోల్డ్ చేసినా మీకు నష్టం లేదు.

బటన్‌సీటు:

లెక్కలపిచ్చి గారు చెప్పింది సగం, కష్టమైన సగం మిగిలింది. 40 శాతం కావాలన్నది బడిపిల్లల లెక్క, ఉందా లేదా అన్నదే పేకాట. మొహం చూసి చెప్పలేం, అతని దగ్గర ఏ రెండు ముక్కలు ఉండొచ్చో ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. కూర్చుని మీ హ్యాండ్‌కి లెక్కపెట్టాను, చూడండి.

బిగ్ బ్లైండ్ వాడు ఫ్లాప్‌లో, టర్న్‌లో రేజ్ చేయకుండా (పందెం పెంచకుండా) కాల్ చేశాడు. కాబట్టి ఏస్-కింగ్, మూడు కింగ్‌లు, మూడు 9లు లాంటి గట్టి ముక్కలు తీసేద్దాం, అవి ఎక్కడో ఒకచోట రేజ్ చేసేవి. మిగిలేది మొదట కింగ్ జత. బోర్డు మీద ఒక కింగ్ ఉంది, ఇంకా మూడున్నాయి. మీ దగ్గర ఒక రాణి ఉంది కాబట్టి కింగ్-రాణి 3×3 = 9 రకాలు. కింగ్-జాకీ అలాగే 9. కింగ్-10 అయితే 3×4 = 12. మొత్తం 30. తర్వాత మధ్యరకం: జత 10లు 6, ఒకే రంగు ఏస్-9 మూడు, ఒకే రంగు 10-9 మూడు. ఇవి 12. చివరగా మీలాగే ఆటీన్ల కోసం చూసి మునిగినవాళ్లు: ఆటీను ఏస్‌తో 10, 8, 6, 5, 3 కలిసినవి ఐదు, ఇంకా 10-8, 8-6, 6-5. ఇవి 8.

మొత్తం 50. కింగ్ ఉన్నవాడు ఫోల్డ్ చేయడు, మీవాడు చేయలేదు కూడా. మునిగినవాళ్లు మాత్రమే పడేస్తే 16 శాతం. మధ్యరకంలో సగం కూడా పడేస్తే 28. కింగ్ లేనివాళ్లందరూ, ఒక్కడు కూడా మిగలకుండా పడేస్తే 50లో 20, అంటే సరిగ్గా 40. అన్నీ మీకు కలిసొస్తేనే మీరు సున్నా దగ్గర నిలబడతారు.

దీన్లో ఇంకో తిరకాసు ఉంది. మీ చేతిలో ఉన్నవి ఆటీన్లు కావడమే మీకు దెబ్బ. అతను పడేసే ముక్కలు ఎక్కువగా మునిగిన ఆటీన్లే, వాటిలో కొన్ని మీ దగ్గరే ఉన్నాయి. అదే రాణి, జాకీ ఇస్పేటువై ఉంటే అతని దగ్గర ఆటీను ఏస్-రాణి, ఏస్-జాకీ, రాణి-జాకీ, రాణి-10, జాకీ-10, జాకీ-8 ఉండే వీలుండేది. ఇంకో ఆరు కలిసి 56లో 26, అంటే 46 శాతం. ఫ్లష్ మిస్సయిందనగానే బ్లఫ్ చేయాలనిపిస్తుంది అందరికీ, నాకూ అనిపిస్తుంది. చాలాసార్లు అవే బ్లఫ్‌కి పనికిరాని ముక్కలు.

మూడోకన్ను:

ఇద్దరికీ చిన్న సవరణ. సున్నా దాటిందా అని చూస్తే సరిపోదు, చెక్ చేస్తే వచ్చేదానికంటే ఎక్కువ వచ్చిందా అని చూడాలి.

టర్న్‌లో చెక్ చేస్తే బటన్ మీద ఉన్న మీకు రివర్ ముక్క ఫ్రీగా వస్తుంది. 240 పాట్‌లో 26 శాతం అంటే 62 చిప్స్ విలువ, పైసా పెట్టకుండా. బెట్ పెడితే ఫోల్డ్ అయినప్పుడు 240 వస్తుంది, కాల్ అయినప్పుడు సగటున 24 పోతుంది. ఇది 62 దాటాలంటే 33 శాతం దాకా ఫోల్డ్ కావాలి. 9కి 33కి ఎంత తేడా! (తర్వాత రివర్ బెట్లు లేవనుకుని వేసిన లెక్కే ఇది. పెద్ద పాట్‌లో ఫ్లష్ పడితే వచ్చేది ఎక్కువ కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువకే గిట్టవచ్చు.)

రివర్‌లోనూ అంతే. "బ్లఫ్ తప్ప గెలిచే దారి లేదు" అన్నారు. ఉంది. బటన్‌సీటు గారి 50లో ఆటీను 10-8, 8-6, 6-5ల మీద మీ రాణి ఊరికే గెలుస్తుంది. 600లో 6 శాతం, అంటే 36 చిప్స్. బ్లఫ్‌లో అన్నీ కలిసొచ్చినా సున్నా. ఇస్పేటు రాణి-జాకీ అయినా చూడండి, బ్లఫ్‌లో సగటున 64 లాభం, చెక్‌లో 70! ఆయన చెప్పిన ఉదాహరణే ఆయన మీదికొచ్చింది, ఏమనుకోకండి. అదే డైమన్ 6-5తో ఇక్కడిదాకా వచ్చుంటే కింగ్‌లు 36 అవుతాయి, 62లో 26 పడేస్తారు, 42 శాతం. లాభం 19 చిప్స్ మాత్రమే, కానీ చెక్ చేస్తే 5 కూడా రావు. కాబట్టి అది బ్లఫ్.

హెరాల్డ్ కూన్ 1950లో మూడే ముక్కలతో ఒక బుల్లి పోకర్ ఆట విశ్లేషించాడు: కింగ్, రాణి, జాకీ, ఆడేది ఇద్దరు, ఒక్కొక్కరికి ఒక ముక్క. సరైన ఆటలో మొదటివాడు జాకీతో అప్పుడప్పుడు బ్లఫ్ చేస్తాడు, అదీ మూడింట ఒకవంతుకు మించకుండా. రాణితో మాత్రం మొదట బెట్ పెట్టడు. చెత్త ముక్కకి చెక్‌లో పోయేదేమీ లేదు, మధ్య ముక్కకి ఉంది. కాగితం మీద ఓ గంటలో వేసేయొచ్చు, వేయండి, వంద వీడియోలకంటే మేలు.

బటన్‌సీటు:

ఆ 64, 70 చూసి నవ్వొచ్చింది. ఒప్పుకుంటున్నా.

కొత్తపేక:

అందరికీ థాంక్స్ అండి. అంటే నేను గొడవలో గెలిచి హ్యాండ్‌లో ఓడానన్నమాట. ఒక చిన్న ప్రశ్న. అతని వైపు నుంచి చూస్తే? నేను ఎంత తరచుగా బ్లఫ్ చేస్తే అతను కాల్ చేయాలో వద్దో తేల్చుకోలేడు? ఇంకోటి, పాత హ్యాండ్లు గుర్తుచేసుకుని రాసుకున్నాను, ఇతని మీద రివర్‌లో ఎవరో ఒకరు బెట్ పెట్టింది 14 సార్లు, ఫోల్డ్ చేసింది 3 సార్లు.

లెక్కలపిచ్చి:

అతను 400 పెట్టి 1000 గెలవాలి, అంటే 1400లో 400, సుమారు 29 శాతం. మీ రివర్ బెట్లలో నిజంగా బలమైన ముక్కలు ఐదుంటే బ్లఫ్‌లు రెండు ఉన్నప్పుడు కాల్ చేసినా పడేసినా అతనికి ఒకటే. పూర్తి పాట్ బెట్ అయితే రెండుకి ఒకటి, సగం పాట్ అయితే మూడుకి ఒకటి. ఎదుటివాడి గురించి ఏమీ తెలియనప్పుడు ఈ నిష్పత్తి పట్టుకుని ఆడితే మిమ్మల్ని ఎవరూ దోచుకోలేరు.

కానీ మీకు తెలుసుగా! 14లో 3 చిన్న లెక్కే, రేపు 20లో 8 అవ్వచ్చు. అయినా 21 శాతం ఫోల్డ్ చేసేవాడిమీద ఐదుకి రెండు ఎందుకు, సున్నా పెట్టండి. బ్లఫ్‌లు మానేసి, ఈసారి మీ దగ్గర కింగ్-రాణి ఉన్నప్పుడు 600 పాట్‌లో 300 పెట్టి ఊరుకోకుండా 600 పెట్టండి. కింగ్-10 పట్టుకుని "ఆటీను పడలేదుగా" అంటూ కాల్ చేస్తాడు.