కాళోజీ కళాక్షేత్రం చుట్టుపక్కల ఎత్తైన టవర్లు కట్టనివ్వాలా?

బాలసముద్రం పాతకాపు:
మన హనుమకొండలో కళా ప్రదర్శనల కోసం కట్టిన కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన జరిగితే 2024 నవంబర్‌లో తెరిచారు. పదేళ్లు! ఇప్పుడు చుట్టూ జాగాల రేట్లు పెరిగాయి కాబట్టి, రేపు ఇరవై అంతస్తులవాళ్లు వస్తారు. అక్కడి నుంచి వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట ఎంత దూరమని? గుట్టలే ఈ ఊరికి గుర్తు. వాటికి టవర్లు అడ్డం రావద్దన్నది నా మాట. మీరేమంటారు?

కాజీపేట కుర్రాడు:
అన్నా, పైకి కట్టనివ్వకపోతే ఊరు పక్కకు పాకుతుంది. హసన్‌పర్తి, ధర్మసాగర్ వైపు పొలాలన్నీ ప్లాట్లవుతుంటే ఎవరూ మాట్లాడరేం? అయినా నిజాం కాలం నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి, ఆ జాగాలో 24 అంతస్తుల ఆసుపత్రి మొదలుపెట్టారు కదా. అప్పుడు గుట్టలు గుర్తుకు రాలేదా?

బాలసముద్రం పాతకాపు:
ఆసుపత్రి, అపార్ట్‌మెంట్ ఒకటేనా తమ్ముడూ? జైలు కూల్చినప్పుడు బాధపడ్డవాళ్లలో నేనూ ఉన్నా.

సైట్ ఇంజనీర్:
మీరిద్దరూ పైకే చూస్తున్నారు, కిందికి చూడండి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. అది దాటితే ఆ చట్టం పట్టదు. వేయిస్తంభాల గుడి 1163 నాటిది. కాకతీయులు పునాది గోతిలో ఇసుక నింపి, దాని మీద రాళ్లు పేర్చేవాళ్లు. ఆ గుడిలో విప్పదీసిన కళ్యాణ మండపాన్ని మళ్లీ పేర్చి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. అలాంటి పునాది దగ్గర మూడు సెల్లార్లు తవ్వి, మోటార్లతో నీళ్లు తోడితే ఇసుక సర్దుకునే ప్రమాదం ఉంది. దూరంగా ఉంటే ఆ భయం తక్కువ, అబద్ధం చెప్పను. కానీ ఎంత దూరమన్నది మట్టి పరీక్ష తేల్చాలి, బ్రోచర్ కాదు.

డప్పు మాస్టారు:
ఎత్తుతో నాకు గొడవ లేదు సార్. భయమల్లా ఫ్లాట్ కొన్నవాళ్లతోనే. కళాక్షేత్రం పక్కన ఇల్లని మురిసిపోతూ కొంటారు, నెల తిరగకుండానే సౌండ్ ఎక్కువైందని పోలీసులకు ఫోన్ చేస్తారు. మా పిల్లల డప్పు, ఒగ్గు కథ రిహార్సల్ ఇప్పటికే రెండు చోట్ల ఆపించారు. రెండో చోటైతే ఓ పాత రేకుల షెడ్డు, కిరాయి కూడా భరించగలిగేదే. టవర్ కట్టేవాళ్లు కింది అంతస్తులో మాకో హాలు ఇస్తారా? షాపులకు ఇస్తారు. అయినా మమ్మల్ని అడిగేదెవరులెండి.

కాజీపేట కుర్రాడు:
మాస్టారూ, ఈ సంగతి నాకు తట్టలేదు. పర్మిషన్‌లోనే కింది అంతస్తు రిహార్సల్ హాలుకని రాయించాలి. అలాగైతే నేనూ ఓకే.

బాలసముద్రం పాతకాపు:
రాయిస్తారు, రెండేళ్లకు అదే హాల్లో బట్టల షాపు తెరుస్తారు. మనూళ్లో సెల్లార్ పార్కింగులన్నీ ఏమయ్యాయో చూడలేదా?

బతుకమ్మ అక్క:
ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలదు. ఆ వందలమందిమి ఆ రోడ్లలోనే నడవాలి, టవర్ల కార్లు కూడా అక్కడే తిరగాలి. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఇంజనీర్ అన్నా, ఇంకో మాట. సెల్లార్‌లో తోడిన నీళ్లు ఏ నాలాలో వదులుతారు? 2020 ఆగస్టులో మా గల్లీలో నడుం లోతు నీళ్లు నిలిచాయి.

సైట్ ఇంజనీర్:
అక్కా, దగ్గర్లో ఏ నాలా ఉంటే దాంట్లోకే. మీ గల్లీ ఎటువైపు?