పోకర్ మెయిన్ ఈవెంట్ సీటు వచ్చింది, ఎనిమిది వారాలుంది: 25 బ్లైండ్ల ఆట నుంచి 300 బ్లైండ్ల ఆటకి మారడం ఎలా?

న్యూజెర్సీ_బటన్:
అందరికీ నమస్కారం. ఉండేది ఎడిసన్‌లో. రోజూ ఆడేది ఆన్‌లైన్‌లో 5 నుంచి 30 డాలర్ల టోర్నమెంట్లు, ఒకేసారి నాలుగు టేబుళ్లు. శాటిలైట్‌లో, అంటే పెద్ద టోర్నమెంట్ సీటే బహుమతిగా ఉండే చిన్న టోర్నమెంట్‌లో, డబ్ల్యూఎస్‌ఓపీ (లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్) మెయిన్ ఈవెంట్ సీటు, 10,000 డాలర్లది, వచ్చింది. పుష్-ఫోల్డ్ చార్టులు (చిప్స్ తక్కువున్నప్పుడు ఏ చేతితో అంతా తోసేయాలి, దేన్ని మడిచేయాలి అన్న పట్టికలు) నోటికొచ్చు. స్టాక్, అంటే చేతిలో ఉన్న చిప్స్, 15 నుంచి 40 బ్లైండ్ల (పెద్ద బ్లైండ్ అనే తప్పనిసరి పందేనికి అన్ని రెట్లు) మధ్య ఉంటే ఆట మీద నమ్మకముంది. 100 దాటితే మాత్రం ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత ఎంత పెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలియట్లేదు. లైవ్ అనుభవం దాదాపు సున్నా. రోజుకి గంటన్నర కేటాయించగలను. ఆ టైం దేని మీద పెట్టాలి?

లోతు_స్టాక్:
అభినందనలు. ముందు ఒక లెక్క చూడండి. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి.

మొదలయ్యేటప్పుడు చేతిలో 60,000 చిప్స్, బ్లైండ్లు 100/200, పెద్ద బ్లైండ్ వాళ్లు అందరి తరఫునా అదనంగా కట్టే యాంటీ 200. అంటే 300 బ్లైండ్లు. ఒక్కో లెవెల్ రెండు గంటలు, రోజుకి ఐదు లెవెళ్లు. రెండో రోజు 400/800 దగ్గర మొదలవుతుంది. అప్పటికి ఒక్క చిప్ గెలవకపోయినా, పోగొట్టుకోకపోయినా ఇంకా 75 బ్లైండ్లు ఉంటాయి. మీరు ఆన్‌లైన్‌లో గంటలో చేరుకునే 25 బ్లైండ్ల స్థితి ఇక్కడ చాలాసేపటిదాకా రాదు. కాబట్టి పుష్-ఫోల్డ్ పుస్తకం ఏడు వారాలు పక్కన పెట్టేయండి. చివరి వారంలో ఒకసారి తిరగేస్తే చాలు.

ఇప్పుడు ఒక చేయి. మొదటి లెవెల్, మీకు ఆసు-రాజు. 500కి రెయిజ్ చేశారు (పందెం పెంచారు), పెద్ద బ్లైండ్ ఒక్కరే కాల్ (అంతే కట్టి కొనసాగారు). కుండలో (పోగైన పందేల్లో) 1,300. ఫ్లాప్‌లో ఆసు పడింది. సగం కుండ, 650 వేశారు, కాల్. కుండ 2,600. టర్న్‌లో (నాలుగో ముక్క) 1,700, కాల్. కుండ 6,000. రివర్‌లో (ఐదోది, చివరి ముక్క) 4,000 వేశారు. మొత్తం మీ చేతి నుంచి వెళ్లింది 6,850. మూడుసార్లూ పందెం వేసి ఓడినా ఇంకా 53,150 మీ ముందే ఉంటాయి.

అసలు ప్రమాదం ఆ రివర్ పందెం మీద ఎదుటివాళ్లు 15,000కి రెయిజ్ చేసినప్పుడు వస్తుంది. 25 బ్లైండ్ల ఆటలో పై జతతో అంతా లోపలికి తోసేయడం మీకు అలవాటు, అక్కడ అది సరైనదే. ఇక్కడ అదే పని చేస్తే టోర్నమెంట్ అయిపోతుంది. ఇది ఫ్రీజౌట్, రీ-ఎంట్రీ లేదు: ఒకసారి చిప్స్ పోతే మళ్లీ డబ్బు కట్టి రాలేరు. లైవ్‌లో, ముఖ్యంగా మొదటి రోజు, పరిచయం లేని ఆటగాడు రివర్‌లో రెయిజ్ చేశాడంటే అది బ్లఫ్ అవ్వడం చాలా అరుదు. ఒక్క జతని మడిచేయండి, సందేహం వద్దు.

లోతు పెరిగే కొద్దీ చేతుల విలువలు మారతాయి. చిన్న పాకెట్ జతలకి (చేతిలోని రెండూ ఒకే అంకెవి) విలువ పెరుగుతుంది: ఫ్లాప్‌లో సెట్ (అదే అంకెవి మూడు) తగిలేది ఎనిమిదిన్నర సార్లకి ఒకసారే అయినా, తగిలినప్పుడు వచ్చేది పెద్దది. ఆసుతో పాటు అదే రంగు ముక్క ఉన్న చేతులూ పెరుగుతాయి, ఎందుకంటే ఇస్పేటు ఫ్లష్ (ఒకే రంగువి ఐదు) మీద ఇస్పేటు ఫ్లష్ పడినప్పుడు ఆసున్నవాడే స్టాక్ మొత్తం తీసుకుంటాడు. తగ్గేవి రాజు-రాణి, రాజు-జాకీ లాంటివి వేర్వేరు రంగుల్లో ఉంటే, అందులోనూ చిన్న బ్లైండ్ నుంచి. జత తగులుతుంది, కానీ ఎక్కువ డబ్బు లోపలికెళ్లేది మనది రెండో మంచి చేయి అయినప్పుడే.

మీ గంటన్నరలో గంట సాల్వర్‌కి (సరైన ఆట లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కి) ఇవ్వండి. 100, 200 బ్లైండ్ల లోతులో రెండే పరిస్థితులు తీసుకోండి: బటన్ (ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర ఆడే సీటు) రెయిజ్‌కి పెద్ద బ్లైండ్ నుంచి కాల్, పెద్ద బ్లైండ్ కాల్ చేస్తే బటన్ నుంచి ఆట. ఈ రెండూ ఎక్కువగా వస్తాయి. పది రకాల ఫ్లాప్‌లు ఎంచుకుని, ఒక్కోదానికీ టర్న్ ముక్క మారితే పందెం ఎందుకు మారుతోందో మీ మాటల్లో రాసుకోండి. శాతాలు బట్టీ పట్టొద్దు. బల్ల దగ్గర శాతం గుర్తురాదు, కారణం గుర్తొస్తుంది.

చిప్_లెక్క:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను లైవ్ సంగతులు మాత్రం చెప్తాను. ఆన్‌లైన్ నుంచి వచ్చేవాళ్లు చిప్స్ పోగొట్టుకునేది సగం ఇక్కడే.

తెర మీద కుండ ఎంతో కనపడదు, మీరే లెక్కపెట్టాలి. ఇంట్లో 100, 500, 1,000, 5,000 చిప్స్ సెట్ ఒకటి పెట్టుకుని రోజూ పావుగంట సాధన చేయండి. బ్లైండ్లు 200/400, యాంటీ 400, ఒకరు 1,000కి తెరిచారు (మొదటి రెయిజ్), బటన్, పెద్ద బ్లైండ్ కాల్. ముగ్గురివి 3,000, మడిచిన చిన్న బ్లైండ్ 200, యాంటీ 400, మొత్తం 3,600. ఇది రెండు సెకన్లలో రావాలి. తర్వాత అందులో సగం, మూడింట రెండు వంతులు ఎంతో పైకి అంటూ అన్ని చిప్స్ విడదీసి పెట్టండి.

మాట ముందు, చేయి తర్వాత. ఎదుటివాళ్లు 1,000 వేశారు, మీరు రెయిజ్ అనుకుని ఏమీ అనకుండా ఒక్క 5,000 చిప్ విసిరారు. అది కాల్ మాత్రమే. చిప్స్ రెండు విడతలుగా పెడితే స్ట్రింగ్ బెట్, రెండో విడత చెల్లదు. అందుకని ముందు "రెయిజ్" అనండి, తర్వాత అంకె చెప్పండి, తర్వాత చిప్స్ పెట్టండి. అదే 1,000 మీద కనీస రెయిజ్ 1,600 అవుతుంది (ఫ్లాప్‌కి ముందు, బ్లైండ్ 400 అనుకుంటే). నోరు విప్పి చెప్పిన మాటకి కట్టుబడాల్సిందే.

మీ వంతు రాకముందు ముక్కలు చూడకండి. మిగతావాళ్లు తమవి చూసుకుంటున్నప్పుడు వాళ్లని చూడండి, కొందరు మడవబోతున్న సంగతి చేతుల్లోనే తెలిసిపోతుంది. వంతు వచ్చాక రెండు చేతులూ అడ్డుపెట్టి మూల మాత్రం ఎత్తి చూసి, పైన ఒక చిప్ పెట్టండి. డీలర్‌కి అటూ ఇటూ ఉన్న సీట్లలో ఇది మరీ ముఖ్యం: కాపలా లేని ముక్కలని డీలర్ పొరపాటున లాగేసుకుంటే ఆ చేయి పోయినట్టే.

ఇంకొకటి మనవాళ్లకి. అక్కడ చేయి నడుస్తుండగా బల్ల దగ్గర ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి. పక్క సీట్లో తెలుగాయన కనపడితే పలకరింపులు విరామంలో పెట్టుకోండి. మంచి మనసుతో అన్న ఒక్క మాటకి పెనాల్టీ పడొచ్చు. చేయి నడుస్తుంటే ఫోన్ ముట్టుకోవద్దు, చార్టులు, సాల్వర్ యాప్‌లు అసలే వద్దు.

వేగం సంగతి. తొమ్మిదిమంది కూర్చున్న టేబుల్‌లో గంటకి 25 నుంచి 30 చేతులు. రోజంతా కలిపి 300 లోపే. నాలుగు టేబుళ్ల మీద మీరు గంటలో దాదాపు అన్నే చూసేసుంటారు. విసుగు పుట్టి నాలుగో గంటలో జాకీ-తొమ్మిదితో ముందు సీటు నుంచి తెరవడమే ఆన్‌లైన్ ఆటగాళ్ల జబ్బు. దీనికి మందు అట్లాంటిక్ సిటీలోని బొర్గాటా కాసినో. ఎడిసన్ నుంచి అట్లాంటిక్ సిటీ కారులో రెండు గంటలలోపే. నెలకి రెండుసార్లైనా వెళ్లి, చిన్న బై-ఇన్‌తో (ప్రవేశ రుసుముతో), నిదానంగా నడిచే లైవ్ టోర్నమెంట్ ఆడండి. గెలవడం కోసం కాదు, పది గంటలు కూర్చోవడం కోసం.

న్యూజెర్సీ_బటన్:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఆ 6,850 లెక్కతో కళ్లు తెరుచుకున్నాయి. మరో రెండు సందేహాలు: మొదటి రోజు ఆట నాలుగు వేర్వేరు తేదీల్లో విడతలుగా జరుగుతుంది కదా, ఏ విడత మంచిది? సీటులో కొంత వాటా అమ్ముకోమంటున్నారు, అమ్మొచ్చా?

బబుల్_కాపరి:
లీవు దొరకడాన్ని బట్టి చూసుకోండి. మొదటి విడతలో ఆడితే రెండో రోజు ఆటకి మధ్యలో ఖాళీ రోజులొస్తాయి, హోటల్ బిల్లు పెరుగుతుంది, కానీ విశ్రాంతి దొరుకుతుంది. చివరి విడతలో జనం ఎక్కువ, రిజిస్ట్రేషన్ వరుసలూ ఎక్కువే. డబ్బుల్లోకి వెళ్లేది సాధారణంగా మూడో రోజు ఆఖర్లో, కాబట్టి కనీసం ఎనిమిది రోజుల లీవు తీసుకోండి. తిరుగు టికెట్ మార్చుకోగలిగేదే కొనండి. నాలుగో రోజు పొద్దున ఫ్లైట్ ఉంటే మూడో రోజు రాత్రి ఆట పాడవుతుంది.

వాటా అమ్మడం మీకు మంచిదే. 5 డాలర్ల ఆట ఆడేవాళ్లకి 10,000 అనేది పెద్ద మొత్తం. టికెట్ ఉచితంగా వచ్చినట్టుంటుంది కానీ బబుల్ (ఇంకొందరు పోతే మిగతా అందరికీ డబ్బొచ్చే దశ) దగ్గర చేతులు వణికేది అందుకే. 2025లో 9,735 మంది ఆడితే 1,461 మందికి డబ్బొచ్చింది, కనీసం 15,000. ఆ 15,000 మీ ఏడాది గెలుపుకన్నా ఎక్కువైతే పెద్ద స్టాకులవాళ్లు అది పసిగట్టి ప్రతి చేతికీ మీ బ్లైండ్లు లాగేస్తారు. 40 శాతం, 1.1 మార్కప్‌తో (అసలు ధరకి 1.1 రెట్లకి) అమ్మితే 4,400 ముందే చేతికొస్తుంది. ప్రయాణం, హోటల్, భోజనం పోను మిగులుతుంది, భయం తగ్గుతుంది. ఎవరికెంత వాటా అన్నది ఈమెయిల్‌లో రాసుకోండి, స్నేహితులైనా సరే. గెలిస్తే డబ్బు తీసుకునేచోట అమెరికా పన్ను శాఖ ఫారం 5754 అడగండి, వాటాలు విడివిడిగా చూపడానికి అదే దారి. 2026 నుంచి జూదంలో పోయినదాంట్లో 90 శాతమే పన్నులో తగ్గించుకోవచ్చు, అందుకని బై-ఇన్ రసీదులన్నీ దాచండి. పన్ను మనిషిని వెళ్లకముందే కలవండి.

ఇది హైదరాబాద్, విజయవాడ నుంచి చదువుతున్నవాళ్లకి: డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం. 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఈ సలహాలు చూసి అక్కడ ఏ యాప్‌లోనూ డబ్బు వేయకండి. న్యూజెర్సీలో లైసెన్స్ ఉన్న ఆట వేరు.

చిప్_లెక్క:
ఒకటి మర్చిపోయాను. జూలైలో వెగాస్ బయట నిప్పుల కొలిమి, లోపల ఏసీకి వణుకు. స్వెటర్ తీసుకెళ్లండి. 20 నిమిషాల విరామంలో బాత్రూం దగ్గర పెద్ద వరుసలుంటాయి, అందుకని విరామానికి ముందు చివరి చేతిలో మీ ముక్కలు ఎలాగూ మడిచేవే అయితే మడిచి, రెండు నిమిషాలు ముందే లేవండి.