గ్రబ్ హెచ్చరిక: ఈ వాక్యం మీకు అర్థమవుతోందా?

బెంగళూరు మారతహళ్లిలో మేం కొందరం తెలుగువాళ్లం కలిసి లినక్స్ (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) సందేశాలను తెలుగులో రాస్తున్నాం. ఒక హెచ్చరిక దగ్గర ఆగిపోయాం. మీ సలహా కావాలి.

కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే మెనూ గ్రబ్‌ది. డిస్కులో విండోస్ లాంటివి ఇంకేమైనా ఉన్నాయేమో వెతికిపెట్టేది ఓఎస్-ప్రోబర్. అడక్కుండానే అన్ని విభాగాలనూ తెరిచి చూడడం దాడులకు దారి ఇవ్వొచ్చని, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. ఆ సంగతి చెప్పే హెచ్చరికకు మా మొదటి ప్రయత్నం ఇది:

"ఇతర బూటబుల్ విభజనలను కనుగొనుటకు ఓఎస్-ప్రోబర్ అమలు చేయబడదు."

వ్యాకరణ దోషం లేదు. కానీ తమ విండోస్ మెనూలోంచి పోతుందని చదివినవాళ్లకు తెలుస్తుందా? నాకైతే నమ్మకం లేదు. పైగా ఇది మెనూ తెర మీద రాదు. అప్‌డేట్ జరుగుతుండగా, పరుగెత్తే లైన్ల మధ్య వస్తుంది. రీస్టార్ట్ చేశాక విండోస్ కనబడక టెన్షన్ పడేసరికి ఆ లైను ఎప్పుడో పైకి వెళ్లిపోయి ఉంటుంది. మన వాక్యంలో అవునా కాదా అన్నది తేలేది చివరి క్రియలోనే కదా, పొడవు పెరిగేకొద్దీ ఆ "దు" కంటికి ఆనదు. అందుకే ముక్కలు చేసి, జరగబోయేదాన్ని ముందుకు తెచ్చాను:

"విండోస్ లాంటి ఇతర సిస్టమ్‌లు మెనూలో కనిపించవు. వాటి ఫైళ్లను ఏమీ మార్చలేదు. మెనూలో అవి కావాలంటే ఓఎస్-ప్రోబర్‌ను ఆన్ చేసి, మెనూను మళ్లీ తయారు చేయండి."

ఓఎస్-ప్రోబర్‌ను ఆన్ చేసే సెట్టింగ్ పేరు మాత్రం కింద విడి లైన్లో, ఇంగ్లిష్ మూలంలో ఉన్నట్టే ఉండాలి. ఫైల్లో వెతకాల్సింది ఆ పేరునే.

ఒక సభ్యురాలు: రెండో వాక్యం మూలంలో లేదు కదండీ. మనం చేర్చవచ్చా?

జవాబు: మంచి ప్రశ్న అండీ. మనంతట మనం చేర్చకూడదు. మూలంలోనే పెట్టమని గ్రబ్ బృందాన్ని అడుగుదాం, అన్ని భాషలవాళ్లకూ పనికొస్తుంది. డేటా పోయిందేమోనన్న భయమే ముందు కలుగుతుంది, దానికి అక్కడే జవాబు ఉండాలి.

మరో సభ్యుడు: ఓఎస్-ప్రోబర్ ఆన్ చేసినా ఇంకో హెచ్చరిక వస్తోంది, "అమలు చేయబడును" అని. అది ఉత్త సమాచారమే కదా?

జవాబు: కాదండీ, దాడి ముప్పు ఉంది కాబట్టి హెచ్చరికే. కాకపోతే ఏం చేయాలో అందులో లేదు. నేనైతే ఇలా రాస్తాను: "ఇతర డిస్కులను కూడా తెరిచి చూస్తాం. మీకు తెలియని డిస్కు తగిలించి ఉంటే ముందు తీసేయండి."