క్వింటిన్స్‌హిల్ రైలు ప్రమాదం: శిక్ష ఆ ఇద్దరికేనా?

రైలుపిచ్చి:
1915 మే 22 ఉదయం స్కాట్లాండ్‌లో, గ్రెట్నా దగ్గర జరిగిన ప్రమాదం ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గలిపోలీ పోరుకు బయల్దేరిన రాయల్ స్కాట్స్ సైనికుల రైలు, ఆగి ఉన్న లోకల్‌ను గుద్దింది. దాదాపు నిమిషానికే గ్లాస్గో ఎక్స్‌ప్రెస్ వచ్చి వాటి మీద పడింది. 220 మందికి పైగా పోయారు. జైలుకెళ్లింది టిన్స్లీ, మీకిన్ అనే ఇద్దరు సిగ్నల్‌మెన్ మాత్రమే. టిన్స్లీకి మూడేళ్లు, మీకిన్‌కు ఏడాదిన్నర. నా దృష్టిలో ఇది అన్యాయం. సైనికులవి పాత చెక్క పెట్టెలు, గ్యాస్ దీపాలు. గుద్దుకున్నప్పుడు బతికి, ఇరుక్కుపోయి కాలిపోయినవాళ్లు ఎందరో. ఆ పెట్టెలను పట్టాలెక్కించింది సిగ్నల్‌మెన్ కాదు కదా?

క్యాబిన్ అబ్బాయి:
మంటల సంగతి తర్వాత అండి. టిన్స్లీ మర్చిపోయిన ఆ లోకల్, ఆయన డ్యూటీకి ఎక్కి వచ్చిన రైలే! ఆరింటికి రావాల్సిన మనిషి ఆరున్నరకు దిగాడు. ఆలస్యం బయటపడకుండా, ఆరు దాటాక వచ్చిన రైళ్ల వివరాలు రాత్రి డ్యూటీలో ఉండే మీకిన్ చీటీ మీద రాసిపెట్టేవాడు. టిన్స్లీ వాటిని తన చేతిరాతతో రిజిస్టర్‌లోకి ఎక్కించేవాడు. ఆ రోజూ అదే తంతు. లోకల్ రైలు సిగ్నల్ క్యాబిన్ ఎదురుగానే నిలబడి ఉండగా, అదే లైన్లోకి సైనికుల రైలుకు సిగ్నల్ ఇచ్చేశాడు.

మా నాన్న లీవర్‌మన్‌గా చేశారు. లైన్ మీద బండి ఆగిందంటే, ఆ సిగ్నల్ లీవర్‌కు కాలర్ తొడిగాకే టీ గ్లాసు అందుకునేవారు. కాలర్ ఉంటే పొరపాటున లాగినా లీవర్ కదలదు. అక్కడ ఇద్దరిలో ఒక్కరూ తొడగలేదు. లైన్ ఖాళీగా లేదని వెనక క్యాబిన్‌కు కబురూ పెట్టలేదు. దీన్ని మరపు అని సరిపెట్టుకోలేను.

రైలుపిచ్చి:
తప్పు లేదని నేననలేదు. లోకల్ ఇంజిన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ కూడా క్యాబిన్‌కు వచ్చి, కాలర్లు చూడకుండానే సంతకం పెట్టి వెళ్లాడు. కోర్టు అతన్ని వదిలేసింది. చీటీ నాటకం పసిగట్టాల్సిన పైవాళ్లూ బోనెక్కలేదు.

లీలమ్మ:
ఇద్దరూ 1916 డిసెంబర్‌లోనే విడుదలయ్యారు, మళ్లీ రైల్వేలోనే పనిచేశారు. నాకు బాధ కలిగించేది అది కాదు. దాదాపు 500 మంది ఎక్కిన ఆ బండిలో, సాయంత్రం హాజరుకు పలికినవాళ్లు 60 మంది చిల్లర. బెటాలియన్ పేర్ల జాబితా కూడా మంటల్లో కాలిపోయింది. పోయింది ఎందరో కచ్చితమైన లెక్క ఈనాటికీ లేదు.